ఇంట్లో ఆక్సిజన్, ఊళ్లో కరెంటు కోతలు: నాన్నని ఎలా చూసుకోవాలి?

నాన్నకి సీఓపీడీ, అంటే ఊపిరి ఆడనివ్వని దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు. రోజుకి కనీసం 15 గంటలు ఆక్సిజన్ పెట్టమన్నారు డాక్టరు గారు, సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 88 నుంచి 92 మధ్య ఉంటే చాలన్నారు. మొదట్లో 89 కనబడగానే కంగారుపడి ఫ్లో పెంచేసేదాన్ని. ఈ జబ్బులో కొందరికి ఆక్సిజన్ ఎక్కువైతే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుందని తర్వాత తెలిసింది. అప్పట్నుంచి ఆ నాబ్ జోలికి పోలేదు.

అసలు భయం రాత్రిపూట కరెంటు పోతేనే. కాన్సన్‌ట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్ తీసిచ్చే మిషను) నిమిషానికి ఐదు లీటర్లది, సుమారు 350 వాట్లు లాగుతుంది. మా చిన్న ఇన్వర్టర్ ఫ్యాన్లకీ లైట్లకే సరి. పెద్దాసుపత్రికి రెండు గంటల దారి. ఇలాంటి చోట ఉన్నవాళ్లు పెద్ద బ్యాటరీ పెట్టించుకున్నారా, సిలిండర్ పక్కన ఉంచుకున్నారా? సిలిండర్ అయితే ఎన్ని గంటలొస్తుందో ఎలా లెక్కేస్తున్నారు?

ఇంకోటి. స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం) ఇన్‌హేలర్ బాగానే పీలుస్తారు గానీ, నడవమంటే ససేమిరా అంటారు. "ఆయాసంతో చస్తుంటే నడవమంటావేంటే" అని నా మీదే కేకలు. ముక్కుతో పీల్చి, పెదాలు ఈల వేస్తున్నట్టు పెట్టి మెల్లగా వదలడం నేర్పాను, అలా చేస్తే కాస్త తెరిపిన పడతారు. రోజుకి ఎంతసేపు నడిపించాలి, ఎక్కడ ఆపాలి? ఫిజియోథెరపిస్టు అందుబాటులో లేక ఇంట్లోనే చేయించినవాళ్లు ఉంటే చెప్పండి.

కట్టెల పొయ్యి ఎప్పుడో మాన్పించాం. కఫం రంగు మారినా, ఆయాసం ఒక్కసారిగా పెరిగినా డాక్టరుకి ఫోన్ చేయాలని తెలుసు. ఫోన్ కలవని రాత్రి మీరేం చేస్తారు?