మరమ్మతులో ఉన్న మోటార్‌హోమ్‌లోనే రాత్రిళ్లు ఉండవచ్చా?

ప్రశ్న: నమస్కారం. మేము అమెరికాలో మోటార్‌హోమ్‌లోనే, అంటే ఇంటిలా అమర్చిన బండిలోనే, కాపురం ఉంటున్నాము. బండి పక్క నుంచి బయటికి జరిగే స్లయిడ్ అవుట్ గది మోటారు చెడిపోవడంతో బండిని ఫీనిక్స్‌లో ఒక షెడ్డుకు ఇచ్చాము. విడిభాగం రావడానికి వారాలు పడుతుందంటున్నారు. అమ్మ, చంటిబిడ్డ కూడా ఉన్నారు కనుక అన్నాళ్లు హోటల్లో ఉండడం మాకు భారం. షెడ్డు ఆవరణలో బండిలోనే పడుకోనిస్తారా?

జవాబు: అది యజమాని ఇష్టం మీద, అతని బీమా షరతుల మీద ఆధారపడి ఉంటుందండీ. పని జరిగేటప్పుడు లోపల ఉండనివ్వకపోయినా, సాయంత్రం బండిని బయట నిలిపి కరెంటు కలిపి ఇచ్చేవారు ఉన్నారు. అయితే 30 ఆంపియర్ల, 120 వోల్టుల లైనుకు గరిష్ఠంగా 3,600 వాట్లే వస్తాయి కనుక, రెండు ఏసీలకు తోడు మైక్రోవేవ్ వేస్తే బ్రేకరు పడిపోతుంది. ఫీనిక్స్ ఎండలకు అమ్మగారిని, బిడ్డను ఏసీ లేకుండా మాత్రం ఉంచకండి.

మరో జవాబు: విడిభాగం వచ్చేవరకు బండి అక్కడే ఎందుకండీ? చాలా బండ్లలో ఆ గదిని చేత్తో తిప్పి లోపలికి చేర్చే ఏర్పాటు ఉంటుంది. మెకానిక్ చేత అలా మూయించి, కదలకుండా బిగించుకుని దగ్గరలోని ఆర్‌వీ పార్కుకు (ఇలాంటి బండ్లు నిలుపుకుని బస చేసే చోటుకు) వెళ్లండి.

ఇంకో జవాబు: గ్యాస్ లైను గాని, జనరేటరు గాని విప్పితే ఆ రాత్రి లోపల పడుకోవద్దు. కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువుకు వాసన ఉండదు. బండిలో దాన్ని పసిగట్టే అలారం పనిచేస్తుందో లేదో మీట నొక్కి చూసుకోండి. బీమాలో బస ఖర్చు ఉన్నా, అది సాధారణంగా ప్రమాదాలకే వర్తిస్తుంది.