సమస్యాపూరణం: "ఓట్లు పెక్కు వచ్చి యోడిపోయె"

కర్నూలు (నిర్వహణ):
ఈ వారం సమస్య ఆటవెలది పద్యంలో నాలుగో పాదం. పైకి పొంతన లేనట్టున్న ఈ పాదానికి ముందు మూడు పాదాలు రాసి అర్థం కుదర్చాలి, అదే పూరణ.

ఓట్లు పెక్కు వచ్చి యోడిపోయె

విషయం సినిమా అవార్డుల జోస్యం. ఆస్కారైనా, జాతీయ పురస్కారమైనా, నందైనా సరే, ఎవరికి వస్తుందో, ఎవరికి తప్పిపోతుందో నవ్విస్తూ చెప్పండి. నటీనటుల్ని పేరు పెట్టి వెక్కిరించవద్దు.

కొత్తవారి కోసం గణాలు: ఓట్లు, పెక్కు, వచ్చి, యోడి, పోయె. ఐదూ గలాలే (ఒక గురువు, ఒక లఘువు), అంటే ఐదూ సూర్యగణాలు. యతి (అక్షరాల మైత్రి) మొదటి "ఓ"కూ, నాలుగో గణంలోని "(య)ఓ"కూ. "వచ్చోడిపోయె" అని కలపకండి. క్త్వార్థమైన ఇత్తుకు ("వచ్చి" లాంటి మాటల చివరి ఇకారానికి) సంధి లేదు, అక్కడ యడాగమమే (మధ్యలో "య" రావడమే). ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాల మీద రెండు ఇంద్రగణాలు (నల, నగ, సల, భ, ర, త) రావాలి.

చిక్కంతా మూడో పాదం చివర ఉంది. సమస్య అచ్చుతో మొదలవుతుంది కాబట్టి విసంధి (సంధి చేయకుండా అచ్చును విడిగా వదలడం) రాకుండా చూసుకోవాలి. మూడో పాదం ద్రుతాంతమైతే (చివర నకారం ఉంటే) సమస్య "నోట్లు" అవుతుంది. ద్రుతం లేక, సంధి కూడా లేని చోట "యోట్లు" అవుతుంది. రెండూ ఒప్పే.

ధర్మవరం:
మొదటి పాదం వరకే రాసినా, చూడండి.

ఆస్కారు రేసులో నందరి కంటెను

కర్నూలు:
"ఆస్కా" రెండు గురువులు. సూర్యగణంలో గలమో నగణమో తప్ప గగం కుదరదు. చాలామంది ఈ మాట దగ్గరే జారుతున్నారు. "ఆస్కరు" అని కుదించండి: "ఆస్కరు బరిలోన నందరి కంటెను". ఆస్క, రుబరి, లోన, నందరి, కంటెను. యతి ఆ–(న)అం సరిపోతుంది. మిగతా మూడు పాదాలూ పంపండి.

అనంతపురం:

మొదటి లెక్కలోన మూడువందలు పొంది
సగము దాటలేక చతికిలబడె;
రెండు రెండటంచు రేగె నింకొక్కటి;
యోట్లు పెక్కు వచ్చి యోడిపోయె.

కర్నూలు:
సమస్యకు అసలు తాళంచెవి దొరకబట్టినారు. ఆస్కార్‌లో ఉత్తమ చిత్రానికి ఒక్కదానికే ఈ లెక్క వర్తిస్తుంది. మిగతా విభాగాల్లో చివరి విడత ఓటింగులో ఎవరికి ఎక్కువ వస్తే వారిదే గెలుపు. ఉత్తమ చిత్రానికి మాత్రం 2010 వేడుక నుంచి పాత వరుస పద్ధతిని మళ్ళీ తెచ్చినారు. ఓటరు చిత్రాలకు ఒకటి, రెండు, మూడు అని వరుస సంఖ్యలు వేస్తాడు. ఏ చిత్రానికీ సగం దాటకపోతే అడుగున ఉన్నదాన్ని తీసేసి, దాని చీటీల్లో తర్వాతి సంఖ్య ఎవరికి ఉంటే వారికి పంచుతారు. సగం దాటినది తేలేదాకా ఇదే వరుస. "రెండు రెండటంచు రేగె" అన్నది ఆ పనిని నాలుగు మాటల్లో చెప్పింది. మూడో పాదం చివర "ఇంకొక్కటి" ఉంది గనుక యడాగమం కూడా సరైనదే.

తప్పు అంకెలో ఉంది. ఓటు హక్కున్న సభ్యులు సుమారు పది వేలు, బరిలో చిత్రాలు పది. మొదటి లెక్కలో ముందున్న చిత్రానికి పడిన ఓట్లలో పదో వంతైనా ఉండి తీరాలి. సభ్యుల్లో సగం మందే ఓటేశారనుకున్నా మూడువందలతో ముందుండడం కుదరదు. "మొదటి లెక్కలోన మూడువేలకు చేరి" అంటే గణాలూ చెడవు, యతీ చెడదు, లెక్కా నిలుస్తుంది.

అనంతపురం:
మంచిదన్నా, సవరించినా. అంకె వేసేటప్పుడు గణం ఒక్కటే చూస్తి.

ప్రొద్దుటూరు:

బాక్సు నిండె గాని బహుమతి రాదయ్యె
జనము మెచ్చె, జూరి చల్లబడెను
పంపిణీల వారి పంట పండించెను
నోట్లు పెక్కు వచ్చి యోడిపోయె.

కర్నూలు:
ఓట్లను నోట్లు చేసిన ఊహకు చప్పట్లు. "జూరి చల్లబడెను" చదవగానే నవ్వు వచ్చింది. బంగారు వ్యాపారానికి పేరుపడ్డ ఊరి నుంచి వసూళ్ళ పూరణ రావడం బాగుంది.

కానీ మీ పద్యంలో "నోట్లు" కరెన్సీ నోట్లే. అప్పుడు పాదం "నో"తో మొదలైనట్టు, నాలుగో గణంలో "యో" ఉంది. న–య యతి చెల్లదు. కాపాడుకొనే దారి ఒకటుంది. మూడో పాదాన్ని "పంపిణీల వారి పంటలు పండించె" అని ముగించండి. పండించెన్ + ఓట్లు = పండించెనోట్లు. చెవికి నోట్లే వినబడతాయి, వ్యాకరణంలో ఓట్లే ఉంటాయి, స్వరయతి నిలుస్తుంది. ఆ ఓట్లు రెండో పాదంలోని జనానివి కాబట్టి అర్థం కూడా అతుకుతుంది. శ్లేష ఇప్పుడు ఇంకా పదునెక్కింది.

తాడిపత్రి:
సహాయ నటుల విభాగానికి నా జోస్యం.

ఇద్దరొక్క చిత్ర మేలిన సహనటుల్
పంచుకొనిరి యోట్లు పాళ్ళు వేసి
మూలనున్న వాడు ముద్దుగా గొనిపోయె
నోట్లు పెక్కు వచ్చి యోడిపోయె.

కర్నూలు:
ఇద్దరివీ కలిపితే ఎక్కువే, విడివిడిగా తక్కువ. ఈ విరుపు ఎవరికీ తట్టలేదు. యతులన్నీ సరిగా ఉన్నాయి. వచనం దగ్గర దెబ్బ తిన్నారు. కర్త "ఇద్దరు" బహువచనం, సమస్యలో "ఓడిపోయె" ఏకవచనం. కర్తను "జంట" చేస్తే తీరిపోతుంది:

జంట నిలిచె నొక్క చలనచిత్రము నుండి
పంచుకొనియె నోట్లు పాళ్ళు వేసి

"చలనచి" నగము, "త్రమునుండి" సలము. జం–చ యతి సరే.

హిందూపురం:
ఛందస్సు బాగుంది గానీ ఈ జోస్యాన్ని గుడ్డిగా నమ్మొద్దండి. 1973లో గాడ్‌ఫాదర్ నుంచి సహాయ నటుల విభాగంలో ముగ్గురు నిలిచి ముగ్గురూ ఓడిన మాట నిజం, క్యాబరే నటుడు జోయెల్ గ్రే గెలిచినాడు. రెండేళ్ళకు అదే కథ రెండో భాగం నుంచి మళ్ళీ ముగ్గురు నిలిస్తే రాబర్ట్ డి నీరో గెలిచినాడు. 2018లో సామ్ రాక్‌వెల్, 2021లో డేనియల్ కలూయా, 2023లో జేమీ లీ కర్టిస్ తమ చిత్రంలోని తోటివారితోనే పోటీ పడి గెలిచినారు. ఓట్లు చీలేది ఇద్దరి పాత్రలూ సమానమైన బరువుతో ఉన్నప్పుడే. ఒక పాత్ర మొగ్గితే ఓట్లన్నీ అటే పోతాయి.

తాడిపత్రి:
ఐతే "పాళ్ళు వేసి" అన్న మాటే ఆధారం. పాళ్ళు సమానమైతేనే ఓటమి. ఆ మాట తీయను.

కర్నూలు:
తీయొద్దు. పద్యానికి అదే ప్రాణం.

ఆదోని:
అభిమానుల పోటీల మీద ఒకటి.

ఒక్క ఫోను నుండి యొకడె వేసిన నూరు
కొట్టివేసె యంత్రకోవిదుండు
చివర లెక్క తేల చెల్లిన దొక్కటి;
యోట్లు పెక్కు వచ్చి యోడిపోయె.

కర్నూలు:
"యంత్రకోవిదుండు" చక్కని సమాసం. రెండోసారి చదివితే లెక్క అడ్డం వస్తోంది. నూరూ కొట్టివేస్తే మూడో పాదంలో ఒకటి ఎట్లా చెల్లింది? పోవలసినవి తొంభైతొమ్మిది. కోవిదుణ్ణి వదులుకోవలసి వస్తుంది గానీ "కొట్టివేసి రొకటి కొసరుగ విడి" అంటే ఒకటి మిగిలినట్టు తెలుస్తుంది. సంతలో కొసరు అడిగే మాట ఇక్కడ ఒదిగింది. ఇంకొకటి, "తేలన్" ద్రుతాంతం కాబట్టి "తేల జెల్లిన" అని సరళం చేయండి. చి–జె యతి మారదు.

హిందూపురం:

స్వర్ణకమల మనుచు సంబర పడుచుండ
నంది కూడ రాక నలిగి పోయి
లేచి చూచి వచ్చె లేపాక్షి నందినే;
యోట్లు పెక్కు వచ్చి యోడిపోయె.

కర్నూలు:
మూడో పాదం ఈ వారం వచ్చిన పాదాలన్నిట్లో మేలు. 1964లో మొదలైన నంది పురస్కారాలకు ఆ పేరు లేపాక్షి బసవన్న మీదుగానే వచ్చింది. ప్రతిమ రాకపోతే అసలు నందినే చూసి రావడం హిందూపురం వారికి సాధ్యం, పది మైళ్ళు కూడా లేదు. "సంబర పడుచుండ", "నలిగి పోయి", "లేచి చూచి" అని మనిషి కదలికలు వరుసగా కనబడుతున్నాయి.

లోపం వస్తువులో ఉంది. జాతీయ పురస్కారపు స్వర్ణకమలమైనా నందైనా జ్యూరీ నిర్ణయమే, జనం ఓటు వేసేది లేదు. మరి ఈ ఓట్లు ఎవరివి? ఆ ప్రశ్నకు పద్యంలోనే జవాబుండాలి. మొదటి పాదం "జనులు చేతులెత్త సంబర పడుచుండ" అనండి. అప్పుడు ఓట్లు జనానివి, ఓటమి జ్యూరీ దగ్గర. స్వర్ణకమలం పోతుంది, అర్థం నిలుస్తుంది. జనం, జ్యూరీ ఎప్పుడూ విడిపోతారని మాత్రం ఎవరూ రాయకండి. 2015 చిత్రాలకు ఇచ్చిన జాతీయ పురస్కారాల్లో బాహుబలి మొదటి భాగం ఉత్తమ చిత్రమై తెలుగుకు తొలిసారి ఆ స్వర్ణకమలం తెచ్చింది. అక్కడ రెండు చోట్లా ఒకే మాట.

నంద్యాల:

నవ్వు పంచు నటికి నామినేషను వచ్చె
కంట నీరు లేదు గనుక పోయె
గ్లిజరినున్న కన్ను గెలిచె బంగరు బొమ్మ
నోట్లు పెక్కు వచ్చి యోడిపోయె.

కర్నూలు:
గ్లిజరిను కన్ను గెలవడం గట్టి జోస్యం, గ్లి–గె యతి ముచ్చటగా ఉంది. "పోయె" తర్వాత సంయుక్తాక్షరం వచ్చినా వేరు పదం గనుక "యె" లఘువే, భయం లేదు. "బొమ్మన్" ద్వితీయ, కాబట్టి ద్రుతం కూడా సరే.

కానీ సమస్య తీరలేదు. నటి విభాగంలో ఓట్లు ఎక్కువ వస్తే గెలుపే. ఎందుకు ఓడిందో పద్యం చెప్పలేదు, విరోధం విరోధంగానే మిగిలింది. పూరణ అంటే ఆ ముడి విప్పడం. ముందున్న మూడు పాదాలూ ఎంత బాగున్నా ముడి విప్పకపోతే నాలుగోది అతికించినట్టే ఉంటుంది. ఓట్లు ఎవరివో, ఓటమి ఎక్కడో విడదీసి ఇంకోసారి రాయండి.

ఆదోని:
అన్నా, ఆ వరుస సంఖ్యల లెక్క ఇంకా పట్టుబడలేదు. ఎక్కువ వచ్చినది ఎట్లా ఓడుతుంది?

కర్నూలు:
పంక్తి భోజనంలో నూరుమంది ఉన్నారనుకోండి. కారం కూర మొదటిదని 40 మంది, సంగటి మొదటిదని 32 మంది, పులుసు మొదటిదని 28 మంది రాసినారు. సగం ఎవరికీ దాటలేదు. అడుగునున్న పులుసును తీసేస్తారు. ఆ 28 చీటీల్లో రెండోది చూస్తే 22 సంగటికి, 6 కూరకు ఉన్నాయి. సంగటి 54, కూర 46. మొదటి లెక్కలో కూరే ముందు, చివరికి గెలిచింది సంగటి. కొందరు నెత్తిన పెట్టుకొని మిగతావారు కిందికి తోసిన చిత్రం ఇట్లానే పోతుంది. ఉత్తమ చిత్రానికి జోస్యం చెప్పాలంటే "ఎవరికి పిచ్చి ప్రేమ ఉంది" అని అడగకండి, "ఎక్కువమందికి రెండోది, మూడోది ఏది" అని అడగండి.

కడప:
ఆ పంక్తిలోంచే తీసుకున్నాను.

నాల్గు వేల మంది నమ్మి మొదట బెట్ట
మిగిలినట్టి వారు మెచ్చరైరి
కారమైన కూర కాక సంగటి గెల్చె
నోట్లు పెక్కు వచ్చి యోడిపోయె.

కర్నూలు:
ఈ వారం మేలైన పూరణ ఇదే. సుమారు పది వేల ఓటర్లలో నాలుగు వేలంటే అందరికన్నా ముందుండవచ్చు, అయినా సగానికి తక్కువ. అంకె అక్కడ సరిగా కూర్చుంది. "మిగిలినట్టి వారు మెచ్చరైరి" అన్న పాదంలో ఓటమి కారణం ఉంది. గెల్చెన్ + ఓట్లు ద్రుతసంధి. నా–న, మి–మె, కా–కా, ఓ–ఓ నాలుగు యతులూ నిలిచినాయి. "కాకసం" రగణం, "గటిగెల్చె" సలము. విషయం ఆస్కారుది, రుచి మన సీమది. "మొదట బెట్ట" దగ్గర అరసున్న పెడితే చదువరికి సరళం ఎందుకొచ్చిందో తెలుస్తుంది. అంతకు మించి ముట్టుకోవలసింది లేదు.

ప్రొద్దుటూరు:
సంగటి గెలిచినందుకు మా ఊరు కూడా ఒప్పుకుంటుంది. వచ్చే వారం సమస్య ఇవ్వండి.

కర్నూలు:

చీటి మారి గెలిచె చిత్ర మొకటి

ఇదీ ఆటవెలది పాదమే. చీటి, మారి, గెలిచె, చిత్ర, మొకటి. యతి చీ–చి. "చిత్రము"కు సినిమా అని, వింత అని రెండర్థాలూ వాడుకోండి. నేపథ్యం 2017 ఆస్కార్ వేడుక. వేదికకు రెండు పక్కలా రెండు జతల కవర్లు ఉంటాయి. ఒక పక్క ఉత్తమ నటి కవరు తెరిచి చదివాక, రెండో పక్క మిగిలిన దాని జోడును ఉత్తమ చిత్రం కవరనుకొని చేతికిచ్చినారు. లాలా ల్యాండ్ పేరు చదివినారు, ఆ చిత్ర బృందం వేదిక మీద మాట్లాడుతుండగానే అసలు విజేత మూన్‌లైట్ అని తేలింది. చీటీ మారినందువల్ల మూన్‌లైట్ గెలవలేదు, ముందే గెలిచింది. మీరు విప్పవలసిన ముడి అక్కడుంది.

ఈసారి పాదం హల్లుతో మొదలవుతుంది కాబట్టి విసంధి బాధ లేదు. మూడో పాదం ద్రుతాంతమైతే "చీటి" "జీటి" అవుతుందని మరవకండి. జీ–చి యతికి ఇబ్బంది లేదు.