పుప్పొడి సరే, పూఁబొడి ఎందుకు కాలేదు?

సత్యవతి, అమలాపురం:
ఒక పాదం బుర్ర తొలిచేస్తోంది, సాయం పట్టండి. చిన్నప్పుడు తాతగారు వల్లె వేయించిన అమరం (అమరకోశం, సంస్కృత పర్యాయపదాల నిఘంటువు): "మకరందః పుష్పరసః పరాగః సుమనో..." తర్వాత రజః నా, రసః నా? రెండూ నోటికొస్తున్నాయి. కోరింగ మడ అడవి గురించి బడిపిల్లలకి ఒక వ్యాసం రాస్తున్నాను. బురదలోకి గొట్టం దింపి లోతు మట్టి తీసి, అందులో మిగిలిన పూలపొడిని మైక్రోస్కోపు కింద చూసి, వేల ఏళ్ళ కిందట అక్కడ ఏ చెట్లుండేవో చెబుతారు కదా, ఆ సంగతి. దాన్ని పుప్పొడి అనాలా, పరాగం అనాలా?

మాస్టారు, తాళ్ళరేవు:
రజః. పుష్పరసః ముందే వచ్చేసింది కదమ్మా, మళ్ళీ రసః ఎందుకుంటుంది? సగం పాదం తేనెకి, సగం పాదం దుమ్ముకి. నా సందేహం వేరే ఉంది. పూవు+తోట పూఁదోట, పూవు+తేనె పూఁదేనె. ప్రాతాది సంధి ప్రకారం పూవు+పొడి పూఁబొడి కావాలి. పుప్పొడిలో ఆ ద్విత్వం ఎక్కణ్ణుంచి వచ్చింది?

రమణ, యానాం:
క్రొత్త+కారు క్రొక్కారు, క్రొత్త+తావి క్రొత్తావి చూడండి. క్రొత్త+పసిడి క్రొంబసిడిలో నుగాగమం (మధ్యలో నకారం చేరడం) వస్తే, వీటిలో ద్విత్వం వచ్చింది. పుప్పొడి ఆ కోవలోదే.

మాస్టారు:
ఆ వెసులుబాటు క్రొత్త శబ్దానికి ఇచ్చారు బాబూ. పూవుకి ఇచ్చినట్టు సూత్రం చూపించు.

లక్ష్మి, రాజోలు:
పూఁబొడి అంటే పూఁబోడితో, అంటే అందగత్తె అనే మాటతో, కలిసిపోతుందని వదిలేశారని నా నమ్మకం. ఒక్క దీర్ఘమేగా తేడా.

రమణ:
పూఁబోడి కావ్యాల్లో మాట లక్ష్మిగారూ. తోటలో పూలు కోసుకునేవాళ్ళకి అదేం అడ్డం?

లక్ష్మి:
మా కాలవగట్టున మొగలి పొదలున్నాయి. మగ పొత్తి రేకులు విప్పితే మెత్తటి పొడి వేళ్ళ సందుల్లోకి దిగుతుంది, చెయ్యి కడుక్కున్నా వాసన పోదు. దాన్ని మా అమ్మ పుప్పొడి అనే అనేది. పరాగం అన్న మాట నేను పద్యాల్లోనే చూశాను. సత్యవతీ, పిల్లలకి పుప్పొడి అనే రాయి.

శ్రీను, కాకినాడ:
సత్యవతక్కా, నేను పనిచేసేది ఈ పొడితోనే కాబట్టి నాలుగు మాటలు. రేణువు లోపలి సరుకు తొందరగానే కుళ్ళిపోతుంది. మిగిలేది పై పెంకు. స్పోరోపొలెనిన్ అనే పదార్థం అది. గాలి సోకని బురదలో వేల ఏళ్ళు చెక్కుచెదరదు. ల్యాబులో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ పోసి ఇసుకని కరిగించేస్తాం, పెంకు మాత్రం కరగదు. ఆ పెంకు మీది చీలికలూ రంధ్రాలూ చూసి చెట్టుని పోల్చుకోవాలి. గడ్డి జాతి రేణువు గుండ్రంగా ఉంటుంది, ఒకటే రంధ్రం, దాని చుట్టూ ఉబ్బిన అంచు. వరీ గడ్డే కాబట్టి దానిదీ అదే తీరు. అడవి గడ్డి నుంచి వేరుచేయాలంటే టెన్షనే, సైజు కొంతవరకే సాయపడుతుంది. సరుగుడు రేణువుకి మామూలుగా మూడు రంధ్రాలు. మన కోస్తాలో సరుగుడు తోటలు 19వ శతాబ్దంలో మొదలయ్యాయి కాబట్టి, అది బాగా కనిపించే పొర అంతకన్నా పాతది కాదని తెలుస్తుంది. ఇవాళ వరి పండే చేను కింద లోతు మట్టిలో మడ చెట్టు ఉప్పుపొన్న రేణువులు దండిగా దొరికితే, ఆ చుట్టుపక్కలకి ఒకప్పుడు సముద్రపు పోటు ఎక్కేదన్నమాట. ఇలా రేణువులని శాతాల్లో లెక్కగట్టి పొరల వారీగా పటం గీసే పద్ధతిని 1916లో స్వీడన్ శాస్త్రవేత్త లెన్నార్ట్ ఫాన్ పోస్ట్ నలుగురి ముందు పెట్టాడు.

మాస్టారు:
బాగుంది నాయనా. లాటిన్‌లో పోలెన్ అంటే మెత్తటి పిండి. వాళ్ళకి పిండి, మనకి పొడి, సంస్కృతానికి రజస్సు. మకరందాన్ని కూడా పుప్పొడి అనేసేవాళ్ళని చూస్తే నాకు బాధ. పోతన్న "మందార మకరంద మాధుర్యమునఁ దేలు" అన్నాడంటే తేలడానికి రసం ఉండాలి, పొడిలో ఎలా తేలుతుంది?

రమణ:
పోతన్న దాకా వచ్చాం కాబట్టి అడుగుతున్నాను. "మధుపంబు వోవునే మదనములకు". ఉమ్మెత్త అని అందరూ చెప్పేస్తారు. మదనం అంటే మంగ చెట్టు కూడా, తేనెమైనం కూడా. తేనె మరిగిన తుమ్మెద మైనానికి పోతుందా అన్న అర్థం నాకు ఎక్కువ రుచిస్తుంది.

మాస్టారు:
రుచించడం వేరు, కుదరడం వేరు. కింద "కోయిల సేరునే కుటజములకు" ఉంది. కుటజం కొడిసె చెట్టు. అందుకు జోడుగా మదనమూ మొక్కే కావాలి. ఉమ్మెత్తే.

లక్ష్మి:
మంగ కూడా మొక్కే కదండీ మాస్టారూ. కొడిసెలాగే అడవి చెట్టు కూడాను.

శ్రీను:
ఏదైనా సరే, ఆ పద్యంలో చెట్లు నా బురదలో దొరకడం కష్టం. పురుగులూ తేనెటీగలూ వాలే పువ్వు పుప్పొడి తక్కువ చేస్తుంది, చేసింది వాటి ఒంటికి అంటుకుని పోతుంది. గాలిని నమ్ముకున్న చెట్టు విపరీతంగా వెదజల్లుతుంది. మడ అడవిలోనే చూడండి. నల్లమడ, తెల్లమడ తేనెటీగల చెట్లు. ఉప్పుపొన్న పొడి ఎక్కువభాగం గాలిపాలు. బురదలో ఉప్పుపొన్న రేణువులు ఎక్కువున్నాయని అడవిలోనూ అవే ఎక్కువనుకుంటే తప్పు. అందుకే ముందు ఇవాళ్టి అడుగుమట్టి తీసి, పైన నిలబడ్డ చెట్లతో పోల్చుకుంటాం. దానికితోడు గోదావరి వరదలో పైనుంచి కొట్టుకొచ్చిన మెరక అడవుల పొడి ఒకటి. అక్కా, ఈ ముక్క మాత్రం వ్యాసంలో తప్పకుండా పెట్టు. రేణువుల లెక్కే చెట్ల లెక్క అని పిల్లలు అనుకోకూడదు.

సత్యవతి:
పెడతాను తమ్ముడూ. మరి పేరు? బురదలో మిగిలింది ఉత్తి పెంకే అంటున్నావు. దాన్నీ పుప్పొడి అనొచ్చా? రజస్సు అంటే నప్పుతుందేమో అనిపిస్తోంది.

రమణ:
మాస్టారూ, నాకు తట్టింది. పూవు కాదు, పువ్వు తీసుకోండి. చివరి ఉకారం పోతే పువ్వులో వకారం పొడిలో పకారంగా మారిపోయింది. పుప్పొడి. అందుకే పూఁదేనెలో ఉన్న దీర్ఘం ఇందులో లేదు.

మాస్టారు:
అయితే పువ్వు+తేనె పుత్తేనె కావాలి. ఏ కావ్యంలోనైనా చూశావా?