ఉకులేలే: ఛాలెంజ్‌లు చేసుకుంటూ పోతే వచ్చేస్తుందా, టీచర్ చూసి చెప్పకపోతే కుదరదా?

నాలుగుతీగలు:
అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి. నేను ఉకులేలే (గిటార్‌లాంటి చిన్న నాలుగు తీగల వాయిద్యం) మొదలుపెట్టి రెండు నెలలైంది. వరసగా రెండు 30 రోజుల ఛాలెంజ్‌లు చేశాను, రోజుకో చిన్న పని ఇస్తారు కదా, ఒకరోజు సీ కార్డ్ (కొన్ని స్వరాలు ఒకేసారి కలిసి పలికేది) నుంచి ఏ మైనర్‌కి మారడం, ఇంకోరోజు డౌన్ డౌన్ అప్ అప్ డౌన్ అప్ అని స్ట్రమ్మింగ్, అంటే తీగలన్నీ కలిపి మీటడం, అలా. ఒక్కరోజు కూడా మానలేదు. సీ, ఏ మైనర్, ఎఫ్, జీ నాలుగూ వచ్చేశాయనే అనుకున్నా. మొన్న మొదటిసారి ఒక నిమిషం వీడియో తీసి ఒక టీచర్‌కి పంపిస్తే ఆవిడ పట్టుకున్న మొదటి విషయం ఏంటంటే, సీ కార్డ్ పట్టుకున్నప్పుడు నా ఉంగరపు వేలు ఒకటో తీగని నేల వైపు లాగేస్తోందట, దాంతో స్వరం కొద్దిగా పైకి పోతోందట. నమ్మలేదు. ట్యూనర్ (స్వరం సరిగ్గా ఉందో లేదో ముల్లుతో చూపించేది) పెట్టి చూశా. తీగ ఓపెన్‌గా మీటితే 440 హెర్ట్జ్ దగ్గర, అంటే ఏ స్వరం మీద, సరిగ్గా నిలబడింది, మూడో ఫ్రెట్ (వాయిద్యం మెడ మీద అడ్డంగా ఉండే కమ్మీ) దగ్గర నొక్కి మీటితే ముల్లు సీ దాటి పక్కకి పోయింది. వేలు నిటారుగా పెట్టి కొంచెం తేలిగ్గా నొక్కాను, వెనక్కొచ్చింది.

రోజుకి ఇరవై నిమిషాల చొప్పున 60 రోజులంటే 20 గంటలు. ఆ 20 గంటలూ నేను తప్పునే సాధన చేశాను. అందుకే నాకనిపించేది, చూసి చెప్పే మనిషి లేని ఛాలెంజ్ వల్ల తప్పు ఇంకా గట్టిపడుతుంది తప్ప ఒరిగేదేమీ లేదు. మీరేమంటారు?

పగటివెలుగు:
మీ బాధ అర్థమైంది కానీ ఆ ముగింపు మాత్రం ఒప్పుకోలేను అండీ. ఆ 60 రోజులు మీరు వాయించకపోయి ఉంటే టీచర్‌కి పంపడానికి వీడియో ఎక్కడిది? నా సంగతి చెప్తా. నా ఉకులేలే ఏడాదిన్నర పాటు సంచిలోనే ఉంది, మంచి టీచర్ దొరికాక మొదలుపెడదాం, టైం కుదిరాక మొదలుపెడదాం అని. చివరికి నాచేత సంచి జిప్ తీయించింది ఛాలెంజే. రోజుకి పది నిమిషాలు, అంతే. అనగ అనగ రాగం అని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు.

అలవాటు గురించి లండన్‌లో ఫిలిప్పా లాలీ వాళ్ళ పరిశోధన ఒకటుంది, 2010లో వచ్చింది. ఒక కొత్త పని ఆలోచించకుండా చేసే స్థాయికి రావడానికి సగటున 66 రోజులు పట్టిందట, కొందరికి 18, కొందరికి 254 దాకా. అంటే మీ రెండు ఛాలెంజ్‌లు కలిపితే ఇంచుమించు అలవాటు కుదిరే టైం. మీరు ఇప్పుడు రోజూ వాయించే మనిషి అయ్యారు, అది చిన్న విషయం కాదు. వేలు సరిచేసుకోవడం వారం పని. వాయిద్యం చేతిలోకి రావడానికే ఏళ్ళు పట్టేవాళ్ళు ఉన్నారు.

శ్రుతిపెట్టె:
నేను కొన్నేళ్ళుగా ఉకులేలే నేర్పుతున్నాను, ఎక్కువగా వీడియోలు చూసి ఫీడ్‌బ్యాక్ ఇచ్చే పనే, కాబట్టి నా మాట ఒకవైపు మొగ్గే ఉంటుంది, ముందే చెప్తున్నా.

వేలు సరిచేసుకోవడం వారం పని అన్నారు పగటివెలుగు గారు, అది వేలుని బట్టి ఉంటుందండీ. ఉకులేలే చిన్న వాయిద్యం. సొప్రానో సైజు ఉకులేలే తీగ పొడవు సుమారు 13 అంగుళాలు, కాన్సర్ట్ సైజుది 15, టెనర్ సైజుది 17. గిటార్ 25 అంగుళాల చిల్లర. తీగ ఎంత పొట్టిదైతే, కొంచెం పక్కకి లాగినా స్వరం అంత ఎక్కువ మారిపోతుంది. గిటార్ మీద చెవికి తెలియని పొరపాటు సొప్రానో మీద తెలిసిపోతుంది. సులువైన వాయిద్యం, ఎవరైనా పది నిమిషాల్లో పట్టేస్తారు అని అంటారు గానీ, ఆ పేరు వల్లే చాలామంది చేతి భంగిమని అసలు పట్టించుకోరు.

ఇంకోటి, ఫీడ్‌బ్యాక్ అంటే తప్పులు ఎంచడం అనుకుంటారు. ఒకమ్మాయి నాలుగు నెలలు ఎఫ్ కార్డ్‌తో కుస్తీ పట్టింది. చూపుడు వేలు రెండో తీగ మొదటి ఫ్రెట్ మీద, మధ్య వేలు నాలుగో తీగ రెండో ఫ్రెట్ మీద, అంతే కదా కార్డ్, అయినా ఎంత నొక్కినా ఆ మొదటి ఫ్రెట్ స్వరం మూగగా వచ్చేది, వేలి కొస మీద గాటు పడేంత నొక్కేది పాపం. తన వేళ్ళే పనికిరావని డిసైడ్ అయిపోయింది. వీడియోలో దగ్గరగా చూపించమన్నాను. నట్ (మెడ చివర తీగలు ఆనే గాడుల పట్టీ) దగ్గర తీగ ఫ్రెట్‌కి చాలా ఎత్తులో ఉంది, గాడి సరిగ్గా కోయలేదు. రిపేర్ చేసేవాళ్ళు గాడి కొంచెం లోతు చేసి ఇస్తే, ఆ సాయంత్రమే ఎఫ్ పలికింది. ఏ ఛాలెంజ్ చెప్తుంది ఈ మాట? 31వ రోజు కూడా ఇంకా నొక్కు అనే చెప్తుంది.

ఒంటరిసాధన:
శ్రుతిపెట్టె గారూ, మీరు చెప్పిన ఉదాహరణ బాగుంది కానీ అది వాయిద్యం తప్పు, ఒక్కసారి చూపిస్తే తేలిపోయేది. దానికీ వారం వారం వీడియో పంపి దిద్దించుకోవడానికీ చాలా తేడా ఉంది. గురువు లేని విద్య గుడ్డి విద్య అని నాకూ చిన్నప్పట్నుంచి చెప్పారు, కానీ ప్రతి అడుగులో గురువు ఉన్న విద్య కుంటి విద్య అవుతుందని నా అనుభవం.

ఒక ఏడాది నేను అలాగే నేర్చుకున్నా. ప్రతి వీడియోకి జవాబు వచ్చేది, అది చూసి సరిచేసుకునేవాడిని, చాలా త్వరగా ముందుకెళ్ళినట్టు అనిపించేది. తర్వాత రెండు నెలలు క్లాస్ ఆపాల్సి వచ్చింది, అప్పుడు తెలిసింది నా వాయింపు బాగుందో లేదో నాకే తెలియట్లేదని. ఎవరో ఒకరు చెప్తే తప్ప నా చెవి నాకు పనిచేయడం మానేసింది. దీని మీద పాత చర్చే ఉంది, 1984లో సాల్మోనీ, ష్మిట్, వాల్టర్ అని ముగ్గురు పరిశోధకులు రాశారు, ప్రతి ప్రయత్నానికీ ఫలితం చెప్పేస్తుంటే చేస్తున్నంతసేపు బాగా చేస్తారు, అది తీసేయగానే పడిపోతారు, ఎందుకంటే బయటి మాట మీద ఆనుకుని లోపలి గమనింపు పెరగదు అని. 1990లో విన్‌స్టీన్, ష్మిట్ చేసిన ప్రయోగాల్లో కూడా సగం సార్లే ఫలితం చెప్పిన వాళ్ళకి తర్వాత ఎక్కువ గుర్తుంది.

నేను ఇప్పుడు చేసేది, రికార్డ్ చేసి వెంటనే వినను. ఒకరోజు ఆగి వింటాను. అప్పుడు అది వేరే ఎవరో వాయించినట్టు వినపడుతుంది, తప్పులు వాటంతట అవే బయటపడతాయి.

నాలుగుతీగలు:
ఒంటరిసాధన గారూ, మీరన్న ఒకరోజు ఆగి వినడం నిన్న చేసి చూశా, నిజంగా బాగుంది, థ్యాంక్స్. కానీ అందులోనే నా వాదనకీ సాక్ష్యం దొరికింది చూడండి. నా పాత రికార్డింగ్ ఒకటి ఉంది, దాన్ని ఇరవైసార్లు విని ఉంటా, బాగానే ఉందనుకున్నా. అదే టీచర్‌కి పంపితే, జీ నుంచి సీ కి మారే ప్రతిసారీ మీరు అర క్షణం ఆగుతున్నారు అన్నారు. మళ్ళీ విన్నా. అవును, ప్రతిసారీ ఆగాను! నాకు అది పాటలో భాగంలా వినపడిపోయింది, అలవాటైపోయి. చెవికి ఏం వినాలో ఎవరో ఒకసారి చూపించకపోతే అది దానంతటదే ఎలా వింటుంది?

కొత్తచేతులు:
నేను ఇక్కడ ఎక్కువ రాయను, కానీ ఒక విషయం చెప్పాలనిపించింది. ఛాలెంజ్ గ్రూప్‌లో రోజూ వీడియో పెట్టాలి అనేది రూల్. పెడితే కింద అందరూ సూపర్, సూపర్ అని పెడతారు. ప్రేమగానే పెడతారు, కాదనను, కానీ అది ఫీడ్‌బ్యాక్ కాదు. 17వ రోజుకి నా ఎడమ మణికట్టు నొప్పి మొదలైంది. వరస తెగిపోతుందని ఆపలేదు. 23వ రోజుకి సీసా మూత తిప్పడం కూడా కష్టమైంది. తర్వాత మూడు వారాలు వాయిద్యం ముట్టుకోలేదు, ముట్టుకోవాలంటే భయం వేసింది. ఆ వీడియోలన్నిట్లో నా మణికట్టు లోపలికి మడిచిపోయి ఉంది, ఇప్పుడు చూస్తే స్పష్టంగా కనపడుతోంది, ఇంతమంది చూశారు, ఒక్కరూ చెప్పలేదు.

శ్రుతిపెట్టె:
కొత్తచేతులు గారూ, చదివి మనసు కష్టమైంది. నొప్పి వచ్చిన రోజు ఆపేయాలి, ఇందులో రెండో మాట లేదు. ఇప్పటికీ నొప్పి ఉంటే ముందు డాక్టర్‌కి చూపించుకోండి, టీచర్ తర్వాత. ఎడమ చేతి మీద వాయిద్యం బరువు పడుతోందేమో కూడా చూసుకోండి, చాలామంది నెక్‌ని (వాయిద్యం మెడని) అరచేత్తో మోస్తారు, బొటనవేలు పైకి వచ్చేసి మణికట్టు మడతపడుతుంది. స్ట్రాప్ పెట్టుకుంటే చేయి ఖాళీ అవుతుంది, బొటనవేలు నెక్ వెనక ఊరికే ఆనితే చాలు.

వరస తెగుతుందనే భయానికి నిజంగా ఆధారం లేదు. పగటివెలుగు గారు చెప్పిన ఆ 66 రోజుల పరిశోధనలోనే, మధ్యలో ఒకరోజు తప్పినా అలవాటు కుదరడానికి పెద్ద తేడా రాలేదని కూడా ఉంది. ఛాలెంజ్ పెట్టేవాళ్ళు ఈ సగం చెప్పరు.

ఒంటరిసాధన గారు చెప్పింది మాత్రం నేను ఒప్పుకుంటున్నా, పూర్తిగా. నేనూ మొదట్లో ఒక్కో వీడియోకి ఎనిమిది తొమ్మిది తప్పులు రాసి పంపేదాన్ని, అదే శ్రద్ధ అనుకుని. పిల్లలు బిగుసుకుపోయేవాళ్ళు. ఇప్పుడు ఒక్కటే చెప్తాను, మిగతావి కనపడ్డా ఊరుకుంటాను. నాలుగుతీగలు గారి జీ కార్డ్ సంగతే తీసుకోండి. జీ లో ఉంగరపు వేలు రెండో తీగ మూడో ఫ్రెట్ మీద ఉంటుంది. సీ కి అదే వేలు ఒకటో తీగ మూడో ఫ్రెట్ మీదకి రావాలి. అదే ఫ్రెట్, పక్క తీగ! అంత దగ్గర ప్రయాణానికి చాలామంది మూడు వేళ్ళనీ గాల్లోకి ఎత్తేసి, మళ్ళీ వెతుక్కుంటూ దిగుతారు, ఆ అర క్షణం అక్కడ పోతుంది. ఇలాంటిది ఒకటి చెప్పి వారం వదిలేస్తే చాలు.

పగటివెలుగు:
ఆ సగం నేను చెప్పకపోవడం నా తప్పే. కొత్తచేతులు గారూ, సారీ, మేమందరం సూపర్ పెట్టే బ్యాచే.

అయితే ఒకటి, ఛాలెంజ్‌లన్నీ ఒకటి కాదు కదా. 30 రోజుల్లో 30 పాటలు అనేది నేనూ చేశా, ఏదీ మిగల్లేదు. తర్వాత చేసింది వేరే, నెలంతా మూడే పనులు, కార్డ్ మార్పులు, స్ట్రమ్మింగ్, ఒక చిన్న ట్యూన్, కానీ రోజూ వాటిని కలిపేసి, ఒకదాని మీదే గంట కూర్చోకుండా మార్చి మార్చి చేయడం. చేస్తున్నప్పుడు చిరాకే, ఏదీ కుదరట్లేదు అనిపిస్తుంది, కానీ నెల తర్వాత అవే నిలబడ్డాయి. షియా, మోర్గాన్ అని ఇద్దరు పరిశోధకులు 1979లోనే చూపించారు ఈ విషయం, పనులు కలగలిపి సాధన చేసినవాళ్ళు ఆ పూట వెనకబడ్డా తర్వాత పరీక్షలో ముందున్నారు. టీచర్ లేకపోయినా ఛాలెంజ్ సరిగ్గా కడితే ఇంత చేస్తుంది. నేను ఇప్పటికీ అదే అంటా, ముందు వాయిద్యం చేతిలోకి రావాలి.

ఒంటరిసాధన:
మంచి మాట. నాకు మిగిలిన ఇబ్బంది ఒక్కటే, వీడియో కాల్ క్లాసులు. అవతలి వాళ్ళ శబ్దం ఆలస్యంగా వస్తుంది కాబట్టి కలిసి వాయించడం కుదరదు, పైగా ఆ సాఫ్ట్‌వేర్ ఉకులేలే శబ్దాన్ని గోల అనుకుని మింగేస్తుంది. అలాంటి క్లాసులో టీచర్ ఏం విని ఏం చెప్తారు?

శ్రుతిపెట్టె:
నిజమే, అందుకే నేను రికార్డ్ చేసి పంపమంటాను. కాల్ అయితే నాయిస్ తగ్గించే సెట్టింగ్ ఆపేయండి, సగం సమస్య పోతుంది. వీడియో పంపేటప్పుడు మూడు విషయాలు అడుగుతాను, రెండు చేతులూ ఫ్రేమ్‌లో ఉండాలి, నిమిషం మించకూడదు, పదిసార్లు తీసి మంచిది ఏరి పంపకూడదు, మొదటిదే పంపాలి. తప్పు కనపడితేనే కదా నాకు పని. ఇంకా, పంపే ముందు మీకేం వినపడిందో ఒక వాక్యం రాయండి. ఒంటరిసాధన గారి భయానికి మందు అదే అనుకుంటున్నా, ముందు మీ చెవి మాట్లాడాలి, తర్వాత నేను.

కొత్తచేతులు:
ముందు మనకేం వినపడిందో రాయడం నచ్చింది. గ్రూప్‌లో కూడా సూపర్ బదులు ఒక్కటి చూసి రాద్దాం అని పెట్టొచ్చు కదా. బొటనవేలు ఎక్కడుందో చూసి చెప్పడానికి టీచరే అయ్యుండక్కర్లేదు.

నాలుగుతీగలు:
మూడు వారాల తర్వాత వస్తున్నా. మొదటి పోస్ట్‌లో ఒరిగేదేమీ లేదు అన్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. రోజూ కూర్చునే అలవాటు లేకపోయి ఉంటే, టీచర్ చెప్పింది సరిచేసుకునే ఓపిక నాకు ఉండేది కాదు. కానీ రెండో సగం మీద మాత్రం గట్టిగానే ఉన్నా, మొదటి వారంలోనే ఒక్కసారి ఎవరికైనా చూపించాల్సింది, 60 రోజులు ఆగకుండా.

ఇప్పుడు ఆరు రోజులు సొంతంగా, ఏడో రోజు వీడియో, ఒక వాక్యం నాది, ఒక వాక్యం టీచర్‌ది. జీ నుంచి సీ కి ఆగకుండా వస్తున్నా, మెట్రోనోమ్ (టిక్ టిక్ అని లయ వేసేది) నిమిషానికి 60 దెబ్బల మీద. 72 కి పెంచితే మళ్ళీ ఆ అర క్షణం వచ్చేస్తోంది, ఈసారి అది నాకే వినపడింది, టీచర్ చెప్పకముందే.

ఆదివారం నుంచి బీ ఫ్లాట్ మొదలు. చూపుడు వేలు పడుకోబెట్టి రెండు తీగలు ఒకేసారి నొక్కాలి, ఇప్పటికి రెండో తీగ అస్సలు పలకట్లేదు. కొత్తచేతులు గారూ, మణికట్టు తగ్గిందన్నారు కదా, ఆదివారం వీడియో పెడతాను, నా బొటనవేలు ఎక్కడుందో కొంచెం చూసి చెప్పండి.