కొత్త బ్యాట్: 1160 గ్రాములా, 1240 గ్రాములా?

ఆదివారం ఓపెనర్:
మొయినాబాద్ వైపు ఆదివారం మ్యాచ్‌లు ఆడతాను. లెదర్ బాల్, మ్యాట్ వికెట్. వయసు 34, ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు. ఏడేళ్లుగా వాడుతున్న కాశ్మీర్ విల్లో చెక్క బ్యాట్ మొన్న అడుగున చీలింది. ఈసారి ఇంగ్లిష్ విల్లో కొందామని ఫతే మైదాన్ దగ్గర షాపులు తిరిగాను. రెండు నచ్చాయి. ఒకటి 1160 గ్రాములు, పది గ్రెయిన్లు (చెక్క మీద నిలువు గీతలు), చూడ్డానికి ముచ్చటగా ఉంది. ఇంకోటి 1240, ఆరే గ్రెయిన్లు, ఒక పక్కన చిన్న మచ్చ. ధర దాదాపు ఒకటే. టీమ్‌లో సగం మంది బరువైనది తీసుకోమంటారు, సగం మంది వద్దంటారు. మీరేమంటారు?

మిడాఫ్ మామ:
1240. ఆలోచించేదేముంది? సచిన్ బ్యాట్ మూడు పౌండ్ల పైన ఉండేది, అంటే 1360 గ్రాములు దాటి. ఆయన ఎత్తు నీకంటే తక్కువే. బరువు ఉంటే బంతికి బ్యాట్ అడ్డం పెట్టినా ఫోర్ పోతది.

మణికట్టు:
మామా, సచిన్‌తో పోలిక పెడితే ఇక చర్చే లేదు. ఆయన రోజంతా నెట్స్‌లో ఉండేవాడు. మనం వారమంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఆదివారం పొద్దున ఆరింటికి లేచి ఆడేవాళ్లం. పదిహేనో ఓవర్ వచ్చేసరికి ముంజేతులు పట్టేస్తాయి, కట్ ఆడబోతే బ్యాట్ ఆలస్యంగా వస్తుంది. అజారుద్దీన్, లక్ష్మణ్ ఆట చూసి పెరిగిన ఊరు మనది, ఆఫ్‌స్టంప్ బయటి బంతిని మిడ్‌వికెట్‌కి తిప్పాలని ప్రతివాడికీ సరదా. దానికి చేతిలో బ్యాట్ తేలిగ్గా తిరగాలి. నా ఓటు 1160.

కాటా రాయుడు:
ఇద్దరూ స్టిక్కర్ మీద నంబర్ గురించి కొట్టుకుంటున్నారు. ఆ నంబర్ సంగతి చెప్తా వినండి.

పోయిన ఏడాది నేను 1180 అని స్టిక్కర్ ఉన్న బ్యాట్ కొన్నాను. ఇంటికి వస్తూ మా వీధి కిరాణా కొట్లో డిజిటల్ కాటా మీద పెట్టాను. 1232 చూపించింది. కొట్టు ఆయన "కిలో ఎంతకిస్తవ్?" అని నవ్వాడు. తర్వాత అర్థమైంది, ఆ నంబర్ గ్రిప్ ఎక్కించక ముందు తూచినది. ఒక్క గ్రిప్పే యాభై గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. నువ్వు చూసిన రెండు బ్యాట్ల తేడా ఎనభై గ్రాములు. గ్రిప్‌తో ఒకటి, గ్రిప్ లేకుండా ఒకటి తూచి ఉంటే ఆ తేడాకి అర్థమే లేదు.

అసలు చూడాల్సింది పికప్, అంటే ఎత్తితే చేతికి ఎంత బరువనిపిస్తుందనేది. పై చెయ్యి ఒక్కదానితోనే హ్యాండిల్ పట్టుకుని, స్టాన్స్‌లో నిలబడి బ్యాట్ వెనక్కి ఎత్తు. పదిసార్లు. అడుగు భాగం కిందికి లాగుతున్నట్టు అనిపిస్తే అది 1160 అయినా నీకు బరువే. తేలిగ్గా లేస్తే 1240 అయినా ఫర్వాలేదు. అదే బ్యాట్‌కి రెండో గ్రిప్ ఎక్కించి చూడు: కాటా మీద బరువు పెరుగుతుంది, చేతికి మాత్రం తేలికవుతుంది. పైన బరువు చేరి బ్యాలెన్స్ చేతుల వైపు జరగడమే కారణం.

ఇంకో మాట. నువ్వు ఆడేది మ్యాట్ మీద. కింద సిమెంట్ అయితే బంతి నడుము దాకా లేస్తుంది. మిడిల్ (బంతి బాగా తగిలే మందమైన భాగం) బాగా కిందికి ఉన్న బ్యాట్ మన మట్టి పిచ్‌లకి, టెన్నిస్ బాల్‌కి సరే. నీకు స్టిక్కర్ల కిందే మందం మొదలయ్యే బ్యాట్ కావాలి. ఈ ప్రశ్న షాపులో ఎవరూ అడగరు, బరువు ఒక్కటే అడుగుతారు.

మిడాఫ్ మామ:
పికప్ మాట ఒప్పుకుంటా. కానీ ఒకే మందం ఉన్న రెండు బ్యాట్లలో ఒకటి మరీ తేలికంటే చెక్కలో తేమ తగ్గించారని నాకు అనుమానం. రూల్స్‌లో బరువుకి హద్దు లేదు. కొలతలకే ఉంది: వెడల్పు 10.8 సెంటీమీటర్లు, 2017 అక్టోబర్ నుంచి ఎడ్జ్ (పక్క అంచు) 4, మందం 6.7. జనానికి లావు ఎడ్జులు కావాలి, బరువు వద్దు. అందుకే ఎండబెడతారు. అట్లాంటి బ్యాట్ మన మే నెల ఎండలో రెండు నెలలు ఆగితే గొప్ప.

కీపర్ 42:
మామ చెప్పింది నా విషయంలో నిజమైంది, కానీ తప్పు సగం నాదే. బ్యాట్ కారు డిక్కీలో వదిలేశాను, ఏప్రిల్ మొత్తం. మిగతా సగం షాపువాళ్లది. డబ్బులు తీసుకుని మెషీన్ మీద నాకింగ్ (కొత్త బ్యాట్‌ని దెబ్బలతో గట్టిపరచడం) చేశామన్నారు. చూస్తే బ్యాట్ ముఖం మీద మాత్రమే దెబ్బలు, ఎడ్జులు, టో (అడుగు అంచు) ముట్టుకోలేదు. రెండో మ్యాచ్‌లో యార్కర్ తగిలి టో దగ్గర పగుళ్లు. అడిగితే "మీరు సరిగ్గా వాడలేదు" అన్నారు. ఏ బరువు కొన్నా నాకింగ్ మాత్రం ఇంట్లో చేసుకో బ్రో. అవిసె నూనె పచ్చిది, పలచగా, గుడ్డతో. స్టిక్కర్ల మీద, హ్యాండిల్ జాయింట్ మీద వద్దు. ఎక్కువ పూస్తే ఆ నూనె బరువు కూడా నువ్వే మోయాలి.

టెన్నిస్ బాల్ తమ్ముడు:
అన్నా, పది గ్రెయిన్లది బాగా మోగుతుంది కదా? అది తీసుకోరాదూ.

కాటా రాయుడు:
మొదటి సీజన్ మోగుతుంది తమ్ముడూ. సన్న గ్రెయిన్లు ఉన్నది తొందరగా చేతికొస్తుంది, వెడల్పు గ్రెయిన్లది కాస్త సతాయించి ఎక్కువ కాలం ఉంటుందని పాతవాళ్ల మాట. నా అనుభవమూ అదే. మచ్చ మాత్రం అందానికి సంబంధించిందే, దానికి భయపడి వదిలేయకండి. మచ్చ ఉందని బేరం ఆడొచ్చు కూడా.

మణికట్టు:
బేరం సంగతి తెలీదు గానీ, పై చేతి పరీక్ష ఇప్పుడే నా బ్యాట్‌తో చేశాను. 1150 అని మురిసిపోతున్నది కాస్తా ఏడోసారికే మణికట్టు లాగేసింది. రెండో గ్రిప్ తెప్పిస్తున్నాను. అయినా 1240 మీకే, నాకొద్దు.

ఆదివారం ఓపెనర్:
అందరికీ థాంక్స్. శనివారం వెళ్లి రెండింటికీ ఒకే రకం గ్రిప్ వేయించి, పై చెయ్యి ఒక్కదానితో ఎత్తి చూశాను. షాపులో కుర్రాడు వింతగా చూశాడు. 1160దే అడుగున లాగింది, మందమంతా కిందే ఉంది. మచ్చదే తెచ్చుకున్నాను, మూడొందలు తగ్గించారు. మిడిల్ కాస్త పైకే ఉంది.

వారం నుంచి రాత్రి భోజనం అయ్యాక అరగంట చెక్క సుత్తితో కొడుతున్నాను, ఎడ్జులకి ఏటవాలుగా. నిన్న కింది ఫ్లాట్ ఆంటీ పైకి వచ్చి "ఏంటి బాబూ, రోజూ ఈ టైంలో ఏం దంచుతున్నారు?" అని అడిగారు. ఇప్పుడు టెర్రస్ మీద, వాటర్ ట్యాంక్ పక్కన కొడుతున్నాను.

మిడాఫ్ మామ:
ఆంటీకి మొదటి మ్యాచ్ స్కోర్ చెప్పడం మర్చిపోకు.