ట్రైనర్ వేసుకునే బట్టలు, నిలబడే తీరు

ప్రశ్న: కొత్తగా పర్సనల్ ట్రైనర్‌గా చేరాను. కండలు కనిపించే బట్టలు వేసుకుంటేనే క్లయింట్లు నమ్ముతారని తోటివాళ్లు అంటున్నారు. నిజమేనా?

జవాబు: చాలా ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను, నేనైతే ఒప్పుకోను. మొదటిసారి జిమ్‌కి వచ్చే మనిషి అప్పటికే తన ఒంటిని చూసుకుని బిడియపడుతుంటాడు. ఎదురుగా మీరు బిగుతు బనియన్‌లో నిలబడితే ఇంకా ముడుచుకుపోతాడు. ఒంటికి సరిపోయే ఉతికిన టీషర్ట్, శుభ్రమైన షూస్ చాలు. అసలు చూసుకోవాల్సింది మీరు నిలబడే తీరు. అతను స్క్వాట్ చేస్తుంటే చేతులు కట్టుకుని పైనుంచి చూడకండి. కాస్త పక్కకు జరిగి, అతని మోకాళ్లు, మడమలు కనిపించేలా మీరూ కిందికి వంగండి. మధ్యలో ఫోన్ తీయకండి. మీరు టైమర్ కోసమే తీసినా, తనని పట్టించుకోవట్లేదనే అనుకుంటాడు.

జవాబు: నళిని అంబాడీ, రాబర్ట్ రోసెంతాల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1993లో అధ్యాపకుల వీడియోలు శబ్దం లేకుండా అర నిమిషంలోపే అపరిచితులకు చూపించారు. ఆ అధ్యాపకుల గురించి ఆ అపరిచితులు వేసిన అంచనా, టర్మ్ చివర విద్యార్థులు ఇచ్చిన రేటింగ్‌కి చాలావరకు సరిపోయింది. ట్రైనర్ కూడా నేర్పేవాడేగా!

జవాబు: క్లయింట్‌గా నా మాట: భుజం సరిచేయడానికి చెయ్యి వేసేముందు ఒక్కసారి అడగండి. అలా అడిగిన ట్రైనర్ దగ్గరే నేను ఇప్పటికీ కొనసాగుతున్నాను.