ఎక్స్‌కవేటర్ మానిటర్‌లో కమ్యూనికేషన్ ఎర్రర్: కంట్రోలర్ మార్చాలా, వైరింగ్ వెతకాలా?

బకెట్‌బండి
మా ఎక్స్‌కవేటర్ పొద్దున చల్లగా ఉన్నంతసేపు ఏ పేచీ పెట్టదు. ఇంజిన్ బాగా వేడెక్కాక బకెట్ రాతికి గట్టిగా తగిలి బండి కుదిపితే మానిటర్‌లో కమ్యూనికేషన్ ఎర్రర్ వస్తోంది. ఆ వెంటనే ఇంజిన్ ఐడిల్‌కు పడిపోతోంది, హైడ్రాలిక్స్ మందగిస్తున్నాయి. కోడ్ ఎస్‌పీఎన్ (లోపం ఎక్కడో చెప్పే నంబరు) 639, ఎఫ్ఎంఐ (లోపం ఎలాంటిదో చెప్పే నంబరు) 9. కీ ఆపి మళ్లీ వేస్తే కాసేపు సర్దుకుంటుంది. పంపు కంట్రోలర్ (హైడ్రాలిక్ పంపును నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టె) మార్చాలని సర్వీసుకు వచ్చినతను అంటున్నాడు. నిజంగా మార్చాలా? మారిస్తే పాతదానిలోని సెట్టింగులు కొత్తదానిలోకి ఎక్కుతాయా? అంతవరకూ బండిని నడపవచ్చా?

లోడర్ యజమాని
దయచేసి మార్చకండి. మా లోడర్‌కు ఇదే సలహా ఇచ్చి కొత్త కంట్రోలర్ అంటగట్టారు. అది బిగించిన మర్నాడే అదే కోడ్ మళ్లీ వచ్చింది, విప్పిన ఎలక్ట్రానిక్ వస్తువును వెనక్కు తీసుకోబోమని చేతులెత్తేశారు. చివరకు చూస్తే క్యాబ్ కింద హార్నెస్ (తీగల కట్ట) ఒక బ్రాకెట్ అంచుకు ఒరుసుకుని, పచ్చ తీగ మీద ఇన్సులేషన్ అరిగిపోయి రాగి బయటపడి ఉంది. ఒక్క క్లిప్పు ఊడినందుకు జరిగిన నష్టం అది.

హార్నెస్ మేస్త్రి
ముందు బ్యాటరీ తీగ విప్పి, కంట్రోలర్లన్నీ పూర్తిగా నిద్రపోయేదాకా ఆగండి. తర్వాత 9 పిన్నుల డయాగ్నస్టిక్ సాకెట్‌లో సి, డి పిన్నుల మధ్య రెసిస్టెన్స్ చూడండి. కంట్రోలర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రెండు తీగల లైను (క్యాన్ బస్) ఆ పిన్నులకే వస్తుంది. ఆ లైను రెండు చివర్లలో 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఒక్కొక్కటి ఉంటాయి కాబట్టి మీటరు 60 దగ్గర చూపాలి. 120 చూపితే ఒక చివర తెగినట్టు, సున్నాకు దగ్గరగా ఉంటే రెండు తీగలు ఒకదానికొకటి తగిలినట్టు. 60 వస్తే లైను బాగున్నట్టే, వైరింగ్ గురించి బెంగ అక్కర్లేదు.

స్కోప్‌గురు
చివరి వాక్యం పూర్తిగా తప్పు. ప్రధాన లైను నుంచి ఒక కంట్రోలర్‌కు వెళ్లే కొమ్మ తీగ తెగిపోయినా మీటరు 60 ఓమ్‌లే చూపుతుంది, ఎందుకంటే రెసిస్టర్లు ఉండేది ప్రధాన లైను చివర్లలో. పైగా కదలకుండా నిలబడి ఉన్న బండిలో తీసిన కొలత, కుదుపులో వచ్చే లోపాన్ని ఎలా పట్టుకుంటుంది? ఓసిల్లోస్కోప్ తగిలించి తరంగం చూడాలి. తీరిక వేళ లైను రెండు తీగల మీదా దాదాపు 2.5 వోల్ట్‌లు ఉంటాయి, సందేశం నడిచేటప్పుడు ఒకటి 3.5కు ఎక్కితే ఇంకొకటి 1.5కు దిగుతుంది. ఆ అంచులు నిటారుగా ఉన్నాయో, గుండ్రంగా కరిగిపోయాయో నేను చూసిన క్షణంలో చెప్పేస్తాను. మీటరుతో జోస్యం చెప్పే అలవాటు నాకు లేదు.

హార్నెస్ మేస్త్రి
గురువుగారూ, బురదలో దిగబడిన బండి దగ్గరకు ఓసిల్లోస్కోప్ మోసుకెళ్లేవాళ్లు ఎందరున్నారు? కొమ్మ తీగ తెగితే 60 చూపుతుందన్న మాట నిజమే, ఒప్పుకుంటున్నాను. అయినా మీరు తరంగం గీసుకునేలోపు నేను సగం కనెక్టర్లు విప్పి చూసేస్తాను.

స్కోప్‌గురు
విప్పి, లోపలి ఆడ పిన్నులను మీటరు ముల్లుతో వెడల్పు చేసి, కొత్త లోపం పుట్టించి వస్తారు. ముందు వదులు లేని పిన్ను తర్వాత వదులైన బండ్లు నా దగ్గరకే వస్తాయి. ఇన్సులేషన్‌లోకి సూది గుచ్చి కొలిచే మహానుభావులు ఇంకో రకం. ఆ చిల్లులోంచి నీరు దిగి తీగలోపలే పచ్చగా కుళ్లుతుంది.

డీజిల్ పెద్దాయన
మీ ఇద్దరి పోట్లాటలో కోడ్ మాట మరుగున పడింది. ఎఫ్ఎంఐ 9 అంటే రావలసిన సందేశం రావలసిన వేగంలో రాలేదని అర్థం. ఈ ఫిర్యాదు చేసే కంట్రోలర్ బాగానే ఉండవచ్చు, నోరు మూసుకున్నది వేరొకటి. అందుకే ఒక్క కోడ్ చూసి ఒక్క పెట్టెను దోషిగా నిలబెట్టకూడదు. అన్ని కంట్రోలర్లలోని కోడ్‌లు పక్కపక్కన పెట్టుకుని, మిగిలినవన్నీ ఎవరి సందేశం అందలేదంటున్నాయో చూసి, ఆ మౌనంగా ఉన్నదాని పవర్, ఎర్త్ మొదట పరీక్షించాలి.

దానికి మీటరు చాలదు. తీగలో ఒకే ఒక్క రాగి పోగు మిగిలినా మీటరు 24 వోల్ట్‌లు ఠీవిగా చూపిస్తుంది, ఎందుకంటే మీటరు కరెంటు లాగదు. కంట్రోలర్ కనెక్టర్ విప్పి, పవర్, ఎర్త్ తీగల మధ్య ఒక హెడ్‌లైట్ బల్బు పెట్టి హార్నెస్‌ను ఊపండి. బల్బు మసకబారినా, మిణుకుమన్నా దొంగ దొరికినట్టే.

గ్రేడర్ ఆపరేటర్
మా దగ్గర ప్రతి గొడవా వెల్డింగ్ తర్వాతే మొదలవుతుంది. బ్యాటరీ విప్పకుండా, ఎర్త్ క్లాంపును ఎక్కడో దూరాన ట్రాక్‌కు తగిలించి బకెట్ పళ్లు అతికిస్తారు. ఆ కరెంటు కంట్రోలర్ల గుండా తోవ వెతుక్కుంటుంది. ప్రెషర్ వాషర్ నాజిల్‌ను కనెక్టర్ మీదే గురిపెట్టే కుర్రాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు.

లోడర్ యజమాని
కనెక్టర్ నిండా గ్రీజు కూరితే నీళ్లు రావు కదా?

హార్నెస్ మేస్త్రి
సాధారణ గ్రీజు వద్దు, డైఎలక్ట్రిక్ (కరెంటు పారనివ్వని) గ్రీజు కూడా రబ్బరు సీలుకు పూయడానికి పలచగా చాలు. పిన్నుల మీద ముద్దలు పెడితే దుమ్ము చేరి ఇసుక కాగితంలా అరగదీస్తుంది. తీగ అతికేటప్పుడు ఆ లైనులోని పసుపు, పచ్చ తీగల మెలికను కూడా వీలైనంత కాపాడండి. మెలిక ఉన్నంతవరకు బయటి గోల రెండింటి మీదా సమానంగా పడుతుంది, కంట్రోలర్ చదివేది తేడానే కాబట్టి ఆ గోల రద్దవుతుంది.

బకెట్‌బండి
కొలిచాను. 40 ఓమ్‌లు చూపుతోంది. ఇది మీరెవరూ చెప్పలేదు.

స్కోప్‌గురు
120 ఓమ్‌లవి మూడు సమాంతరంగా ఉంటే 40. ఎవరో ఏదో పెట్టె తగిలించారు. జీపీఎస్ ట్రాకర్ ఉందా?

బకెట్‌బండి
ఉంది, ఫైనాన్స్ వాళ్లు బిగించారు. అది విప్పగానే 60కి వచ్చింది. లోపం బాగా తగ్గిందిగానీ పూర్తిగా పోలేదు, గట్టి కుదుపుకు ఇంకా వస్తోంది. పెద్దాయన చెప్పినట్టు పంపు కంట్రోలర్ కనెక్టర్ దగ్గర బల్బు పెట్టి ఊపితే మసకబారింది. సీటు వెనకాల ఎర్త్ బోల్టు కింద పెయింటు అలాగే ఉంది, వాషరు సగమే అంటుకుంటోంది. గీకి బిగించాను, ఈ రోజంతా రాయి తవ్వినా కోడ్ రాలేదు. ట్రాకర్ మాత్రం తిరిగి పెట్టాల్సిందేనని ఫైనాన్స్ వాళ్లు పట్టుబడుతున్నారు.

స్కోప్‌గురు
దానిలోపలి రెసిస్టర్ ఆపించి పెట్టమనండి. కాకుంటే ఇన్సులేషన్ కోయకుండా తీగల మీద క్లిప్పులా పట్టుకునే రీడర్లు వస్తాయి, అవి వింటాయే తప్ప లైనులోకి ఏమీ పంపవు. వాటిని ఎక్కడ బిగించారో ఒక ఫోటో పెట్టండి. మేస్త్రిగారు నన్ను తిట్టడానికైనా పనికొస్తుంది.